నేను కొట్టేసిన పర్‌హాప్స్

మా అపార్ట్‌మెంట్‌లో ఎవరైనా పోతే వాట్సాప్ గ్రూపులో సంతాపం రాసే పని సెక్రటరీది. ఎనిమిదేళ్ళుగా ఆ సెక్రటరీని నేనే, ఇంకెవరూ ఆ పదవి ముట్టుకోరు కాబట్టి. మొన్న ఎండలు ముదిరిన వారంలో రెండో అంతస్తు ల్యాబ్ ఆంటీ పోయారు. ఏం రాయాలా అని నేను ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. ఈలోపు మా ప్రెసిడెంటు రాసేశాడు: ‘ఆంటీ చాలా ధైర్యవంతురాలు. కుక్కలకు విషం పెట్టిన మనిషిని కళ్ళారా చూసి, భయపడకుండా చెప్పిన మనిషి. ఇలాంటివాళ్ళు ఈ రోజుల్లో లేరు.’ దాని కింద వరసగా దండాలు, పూలు, కొవ్వొత్తుల బొమ్మలు.

ఆవిడ అలా చూడలేదు, అలా చెప్పలేదు. అలా చెప్పినట్టు రాసింది నేను. దాన్ని సరిచేయమని ఆవిడ ఎన్నిసార్లు అడిగారో నాకు లెక్క లేదు. నేను చేయలేదు. ఇప్పుడు అదే ఆవిడ గొప్పతనమై కూర్చుంది.

ఆవిడ పేరు ఇక్కడ రాయను. మాకెవరికీ ఆ పేరు అలవాటు లేదు కూడా. మిషన్ ఆసుపత్రి ల్యాబ్‌లో ముప్పై అయిదేళ్ళు మైక్రోస్కోపు ముందు కూర్చుని రిటైరయ్యారని, గుంటూరు వైపు మనిషని, సికింద్రాబాద్ వచ్చి యాభై ఏళ్ళయినా మాట మారలేదని, ఇంతే మాకు తెలిసింది. మా ఆవిడ ఒకసారి ఆపుకోలేక, “ఆంటీ, మీరు పెళ్ళి చేసుకోలేదా?” అని అడిగేసింది. “పర్‌హాప్స్ మర్చిపోయాను” అన్నారు ఆవిడ, నవ్వకుండా.

పర్‌హాప్స్ అన్నది ఆవిడ నోట్లో ఎప్పుడూ ఉండే మాట. వాన పడుతుందా ఆంటీ అంటే పర్‌హాప్స్. లిఫ్టు పనిచేస్తోందా అంటే, అప్పుడే అందులోంచి దిగి కూడా, పర్‌హాప్స్. ఎలా ఉన్నారు అంటే “పర్‌హాప్స్ బాగానే.” అపార్ట్‌మెంట్ పిల్లలు మెట్ల మీద ఆవిడ నడక నడుస్తూ ఆ మాట అని నవ్వుకునేవాళ్ళు. పెద్దవాళ్ళం కూడా ఏమీ తక్కువ తినలేదు. పండగ చందా ఎవరు ఇస్తారు, ఎవరు ఇవ్వరు అని మీటింగులో మాట వస్తే, “ల్యాబ్ ఆంటీని అడుగురి, పర్‌హాప్స్ అంటది” అని నేనే జోకులు వేశాను.

ఆ మాటతో పాటు ఒక చేతి పని ఉండేది. ఏదైనా ఆలోచించేటప్పుడు కుడిచేయి బొటనవేలు, చూపుడువేలు కలిపి గాలిలో నెమ్మదిగా తిప్పేవారు, అటు కొంచెం, ఇటు కొంచెం. ఆవిడకు రేడియో పిచ్చి ఉందేమో అని చాలాకాలం అనుకున్నాను. అది మైక్రోస్కోపు మర తిప్పే అలవాటని తర్వాత తెలిసింది. ముప్పై అయిదేళ్ళు తిప్పిన వేళ్ళు మర లేకపోయినా తిరుగుతూనే ఉండేవి. చేతి గడియారం మణికట్టు లోపలి వైపుకు పెట్టుకునేవారు. ఎప్పుడూ నూలు చీర, చర్చికి వెళ్ళేటప్పుడు భుజాన గుడ్డసంచి.

ఒకసారి మోండా మార్కెట్‌కు ఇద్దరం కలిసి వెళ్ళాం. తప్పు చేశానని అక్కడికి వెళ్ళాక అర్థమైంది. ఆవిడ బెండకాయలు ఒక్కొక్కటీ ఎత్తి వెలుతురుకు పెట్టి చూస్తున్నారు. వెనక జనం తోసుకుంటున్నారు. బండి ఆయన అరిచాడు, “అమ్మా, లేతవే ఉన్నయి, కళ్ళు మూస్కొని తీస్కోరి!”

“కళ్ళు తెరుచుకునే తీసుకుంటాను నాయనా. ఇది పర్‌హాప్స్ ముదురు.”

“పర్‌హాప్స్ అంటే ఏందమ్మా? కిలోనా, అద్దకిలోనా?”

చుట్టూ ఉన్నవాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వాను. ఆవిడ మాత్రం ఆ కాయను మళ్ళీ ఒకసారి చూసి, “లేదులే, లేతదే” అని సంచిలో వేసుకుని, అతనికి క్షమాపణ చెప్పారు. బెండకాయ విషయంలో క్షమాపణ చెప్పిన మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

నా సంగతి వేరు. నా ఉద్యోగమంతా ఇతరులు రాసిన ఉత్తరాలను కుదించడమే. ఆఫీసులో నన్ను ‘కత్తెర’ అనేవాళ్ళు, నాకు అది గొప్పగా ఉండేది. ‘అనిపిస్తోంది’, ‘అయి ఉండవచ్చు’, ‘తెలియవస్తోంది’ లాంటివి కనపడితే ఎర్రసిరాతో కొట్టేసేవాణ్ణి. ఉందా లేదా, అది చెప్పు, నాన్చుడెందుకు అనేవాణ్ణి. ఆ పొగరుతోనే ఒక సాయంత్రం పార్కింగ్‌లో ఆవిడను కదిలించాను.

“ఆంటీ, అందరు మేబీ అంటున్నరు. మీరొక్కరే ఇంకా పర్‌హాప్స్ పట్టుకొని ఉన్నరు. రెండూ ఒకటే గదా?”

వేళ్ళు తిరగడం మొదలయ్యాయి. “డిక్షనరీలో ఒకటే. మా ల్యాబ్‌లో కాదు. మేబీ అంటే, నాకు తెలీదు, నువ్వెళ్ళొచ్చు అని. పర్‌హాప్స్ అంటే, నాకు తెలీదు, కూర్చో, ఇంకోసారి చూద్దాం అని.”

“మన తెలుగుల బహుశా ఉంది గదా.”

“ఉంది, పుస్తకంలో. మీరు ఎప్పుడన్నా నోటితో అన్నారా సెక్రటరీ గారూ?”

ఆలోచించాను. అనలేదు. తెలియనప్పుడు ఏమో అని చేతులు దులుపుకుంటాం. సగం తెలిస్తే చాలు, పక్కా అంటాం. పక్కా అనకపోతే మనకు నామోషీ.

ఆ మాట వల్ల మా ఇంట్లో ఒక మనిషి బతికి బయటపడిందని కూడా చెప్పాలి. చెప్పకపోతే నేను చేసింది ఎంత పాపమో తెలియదు. ఒక చలికాలం మా ఆవిడకు దగ్గు పట్టుకుని వదల్లేదు. కఫం పరీక్ష చేయిస్తే టీబీ క్రిములు కనపడ్డాయని రిపోర్టు వచ్చింది. మా ఆవిడ ఆ రోజే తన కంచం, గ్లాసు వేరే పెట్టేసుకుంది. పడక కూడా హాల్లోకి మార్చుకుంది. ల్యాబ్ ఆంటీ రిపోర్టు చూసి, “కాగితం కాదు, స్లైడు చూడాలి” అన్నారు. ఆటో ఎక్కి మాతో వచ్చారు. అక్కడి కుర్రాడు కుదరదంటే గంటసేపు బల్ల మీద కూర్చున్నారు. చివరికి వాడు విసుక్కుని మైక్రోస్కోపు ముందుకు రానిచ్చాడు. ఆవిడ రెండు కళ్ళూ తెరిచి, ఒక కన్ను అద్దానికి ఆనించి, నిజమైన మర తిప్పుతూ చాలాసేపు చూశారు. మా ఆవిడ గోడకు ఆనుకుని నిలబడింది. నేను దేవుళ్ళందరినీ తలుచుకుంటున్నాను.

“పర్‌హాప్స్ ఇది రంగు మరక” అన్నారు. “ఇంకోచోట, ఇంకోసారి చేయించండి.”

రెండుసార్లు చేయించాం. రెండుసార్లూ ఏమీ లేదు. ఆస్తమా అని తేలింది. మా ఆవిడ కంచం తెచ్చి మళ్ళీ అందరి కంచాలతో కలిపి పెట్టిన రోజున, నేను పళ్ళు తీసుకుని పై అంతస్తు నుంచి కిందికి వెళ్ళాను. “మీరు అంత కచ్చితంగా ఎట్ల కనిపెట్టిన్రు ఆంటీ?” అన్నాను. “కచ్చితంగా కనిపెట్టలేదు కదా” అన్నారు. పళ్ళు అందుకుని, “ఒకసారి ఆ మాట రాయకుండా ఊరుకున్నాను, ఉద్యోగంలో చేరిన కొత్తలో. అప్పట్నుంచీ రాస్తున్నాను” అన్నారు. ఏమైందని నేను అడగలేదు. అడిగి ఉంటే తర్వాత నా వేలు ఆగేదేమో.

కుక్కల సంగతి దాని తర్వాతి ఏడాది. మా గేటు దగ్గర పడుకునే మూడు వీధికుక్కలు రెండు రోజుల్లో నురగ కక్కుకుని చచ్చిపోయాయి. కాలనీలో కుక్కల్ని సాకేవాళ్ళు కొందరున్నారు. వాళ్ళు వచ్చి గేటు ముందు కూర్చున్నారు. విషం పెట్టిందెవరో సాయంత్రంలోపు చెప్పకపోతే పోలీసుల్ని పిలుస్తామన్నారు. అందరి కళ్ళూ సెల్లార్ గదిలో ఉండే వాచ్‌మన్ భార్య యాదమ్మ మీదకు పోయాయి. నెల క్రితం ఆ మూడింట్లో ఒక కుక్క ఆమె కూతురి పిక్క పట్టుకుంది. ఆ రోజు యాదమ్మ పార్కింగ్‌లో నిలబడి, “వీటికి మందు వెట్టి సంపుత” అని అరవడం అందరం విన్నాం.

నేను ఒక్కో తలుపూ కొట్టి, ఎవరైనా ఏమైనా చూశారా అని అడిగాను. ల్యాబ్ ఆంటీ చూశారు. తెల్లవారుజామున బాల్కనీలో మొక్కలకు నీళ్ళు పోస్తుంటే, ట్రాన్స్‌ఫార్మర్ పక్కన పసుపు చీర కట్టుకున్న ఒకావిడ వంగి విస్తరిలో ఏదో పెడుతోందట.

“ఎవరు ఆంటీ ఆమె?”

వేళ్ళు చాలాసేపు తిరిగాయి. నాకు తొందరగా ఉంది. కింద గేటు దగ్గర గొడవ వినపడుతోంది.

“పర్‌హాప్స్ యాదమ్మ” అన్నారు.

నాకు అది చాలు. వెనక్కి తిరిగాను. వెనక నుంచి పిలిచారు. “సెక్రటరీ గారూ, ఆ మాట కూడా రాయండి.”

“రాస్త ఆంటీ.”

మెట్ల మీదే నిలబడి టైపు చేశాను. మొదట ‘యాదమ్మ అయి ఉండవచ్చునని’ అనే రాశాను. నా పాత కత్తెర బుద్ధికి అది చప్పగా కనపడింది. ఈలోపు ప్రెసిడెంటు ఫోన్ చేశాడు. “జెర సాఫ్ రాయి అన్నా. ఉండొచ్చు గిండొచ్చు అంటె వాళ్ళు ఊకుంటరా? అందరం పరేషాన్ అయితం.” కొట్టేశాను. ‘కుక్కలకు విషం పెట్టింది వాచ్‌మన్ భార్య యాదమ్మ. రెండో అంతస్తు ల్యాబ్ ఆంటీ కళ్ళారా చూశారు’ అని పంపాను. ఎక్కడా అనుమానం లేని చక్కటి వాక్యాలు. దాంతోపాటు, వాచ్‌మన్‌ను పెట్టుకున్నప్పుడు తీసుకున్న ఆమె ఫోటో కూడా పెట్టాను. అది కూడా నా తెలివే, ఎవరూ అడగలేదు.

సాయంత్రం లిఫ్టు దగ్గర ఆంటీ ఎదురుపడ్డారు. ఆవిడది బటన్ల ఫోను, మా గ్రూపు అందులో రాదు. “పెట్టారా ఆ మాట?” అని అడిగారు.

“పెట్టిన ఆంటీ” అన్నాను, ఫోన్‌లోంచి తల ఎత్తకుండా.

నేను జీవితంలో చాలా అబద్ధాలు ఆడాను. ఆఫీసులో ఆడాను, ఇంట్లో ఆడాను, వాటిలో చాలావరకు మర్చిపోయాను. ఇది ఒక్కటి మాత్రం ఎక్కడ నిలబడి ఆడానో, ఆ లిఫ్టు తలుపు ఎంత తెరిచి ఉందో కూడా గుర్తుంది.

వాచ్‌మన్‌ను పనిలోంచి తీసేశాం, మూడోరోజు వాళ్ళు గది ఖాళీ చేశారు. ట్రాలీ ఆటోలో ఒక మంచం, పొయ్యి, మూటలు, ఒక ప్లాస్టిక్ బకెట్ నిండా కూతురి పదో తరగతి పుస్తకాలు. యాదమ్మ భర్త నా కాళ్ళ మీద పడబోతే వెనక్కి జరిగాను. యాదమ్మ మాత్రం నా వైపు చూడలేదు. ఒక స్టీలు డబ్బా పట్టుకుని రెండో అంతస్తు ఎక్కింది. మోటారు స్విచ్ చూడాలనే వంకతో నేనూ వెనకే ఎక్కాను. నిజానికి అక్కడ ఏమవుతుందోనని భయం.

“అమ్మా, మీ డబ్బ. మొన్న మీరు కేకు పెట్టిచ్చిన్రు గదా.”

ఆంటీ తలుపు పూర్తిగా తెరిచారు. “ఎక్కడికి వెళ్తున్నారు యాదమ్మా? ఏమైంది?”

“మీరు చూసిన్రంట గదమ్మా, కళ్ళార. వేరేటోళ్ళు అంటె కొట్లాడేదాన్ని. మీరు చూసిన్రంటె ఇంక నేనేం చెప్పాలె.” డబ్బాను గడప మీద పెట్టి దిగిపోయింది.

ఆంటీ నన్ను చూశారు. “ఏం రాశారు?”

ఫోన్ ఇచ్చాను. లోపలికి వెళ్ళి కళ్ళజోడు తెచ్చుకుని, ఒక్కో అక్షరం మీద ఆగుతూ చదివారు. “ఇందులో నా మాట లేదు.”

“మీరు అన్నింటికీ గదే అంటరు గద ఆంటీ. అలవాటు మాట అనుకున్న.”

ఇది నేను అప్పుడు చెప్పిన జవాబు. చాలాకాలం నాకు నేను చెప్పుకున్నదీ ఇదే. అలవాటు మాట అని నిజంగా అనుకున్నవాణ్ణయితే, లిఫ్టు దగ్గర పెట్టానని ఎందుకు అబద్ధమాడాను? ఆవిడ ఆ ప్రశ్న నన్ను అడగలేదు. “నేను వెనక నుంచి చూశాను. మొహం చూడలేదు. ఆ మాట లేకపోతే నేను చూసినదే లేదు” అన్నారు. చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లు దిగారు. ఆవిడ గేటు చేరేసరికి ట్రాలీ ఆటో వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం ఆవిడ పన్నెండు ఫ్లాట్ల తలుపులూ తట్టారు. నేను యాదమ్మను చూశానని చెప్పలేదు, పర్‌హాప్స్ అన్నాను, అని ఒక్కొక్కరికీ చెప్పారు. అందరూ నవ్వారు. “మీరెప్పుడు గంతే గదా ఆంటీ” అన్నారు. ఒకామె కాఫీ ఇచ్చి, భయపడకండి, వాళ్ళు మిమ్మల్ని ఏమీ చేయలేరు అని ధైర్యం చెప్పింది. ఆ మాటను ఎగతాళి మాటగా చేసినవాళ్ళలో ముందున్నది నేనే. ఆవిడకు నిజంగా అవసరం పడిన రోజున అది ఎవరి చెవికీ ఎక్కలేదు.

మూడు వారాల తర్వాత నాలుగో కుక్క చచ్చింది. అప్పటికి యాదమ్మ లేదు. ఎవరూ దాని గురించి మాట్లాడలేదు. ఆంటీ ఒక్కరే ఇంటింటికీ, దుకాణం దుకాణానికీ తిరిగి అడిగారు. మూల మీద పూలమ్మే ఆమె రోజూ పొద్దున్నే రాత్రి మిగిలిన అన్నం తెచ్చి విస్తరిలో కుక్కలకు పెడుతుందట. ఆమెకూ పసుపు చీర ఉంది. పక్క బిల్డింగు కడుతున్నచోట సిమెంటు బస్తాల గదిలో ఎలుకల కోసం పిండిలో మందు కలిపి ఉండలు పెడుతున్నారట, అక్కడి మేస్త్రీయే చెప్పాడు. కుక్కలు ఆ గదిలోకి దూరడం కూడా అతను చూశాడు.

ఇదంతా నాకు చెప్పి, “గ్రూపులో రాయండి సెక్రటరీ గారూ. ఆ ఫోటో చాలా దూరం వెళ్ళింది. నర్సింహకి మన మారేడ్‌పల్లిలో ఎక్కడా పని ఇవ్వట్లేదట” అన్నారు. నర్సింహ అంటే యాదమ్మ భర్త.

“రాస్త ఆంటీ, రేపు.”

ప్రెసిడెంటుతో అన్నాను. “కొత్త వాచ్‌మన్ సుత వచ్చిండు. అయిపోయినదాన్ని గెలుకుడెందుకు?” అన్నాడు. నాకు కావలసింది అదే. రాస్తే, ముందు రాసింది తప్పని ఒప్పుకోవాలి. ఆంటీ మాట నేనే తీసేశానని ఒప్పుకోవాలి. పన్నెండు ఫ్లాట్ల ముందు చిన్నబోవడం నాకు ఇష్టం లేదు. ఇంతకంటే పెద్ద కారణమేదీ లేదు. ఉంటే బాగుండును.

ఆవిడ ప్రతి ఆదివారం చర్చి నుంచి వస్తూ, సంచి భుజాన వేసుకుని, పార్కింగ్‌లో నా ముందు ఆగేవారు. “సెక్రటరీ గారూ?” అంతే. “ఈ వారం తప్పకుండ ఆంటీ.” కొన్నాళ్ళకు పిలవడం మానేసి ఊరికే ఆగి చూసేవారు. ఇంకొన్నాళ్ళకు ఆగడం మానేశారు. నాకు హాయిగా అనిపించింది, రాయడానికి సిగ్గుగా ఉన్నా అది నిజం. అప్పటి నుంచి ఎలా ఉన్నారు ఆంటీ అంటే, “బాగున్నాను” అనేవారు. వాన పడుతుందా అంటే “తెలీదు.” ఆ ఒక్క మాట నా దగ్గర వాడడం మానేశారు. మిగతావాళ్ళ దగ్గర వాడేవారు, నేను మెట్ల మీద నుంచి విన్నాను.

ఇలా మూడేళ్ళు గడిచాయి. ఆవిడ పోయారు. ప్రెసిడెంటు ఆ సంతాపం రాశాడు.

దాని కింద నేను రాశాను. ఈసారి కుదించలేదు. ఆవిడ అన్నదేమిటి, నేను రాసిందేమిటి, నాలుగో కుక్క, పూలమ్మే ఆమె, ఎలుకల మందు, నా అబద్ధం, అన్నీ రాశాను. ఇద్దరు బొటనవేలు గుర్తు పెట్టారు. ప్రెసిడెంటు ‘ఇప్పుడెందుకు అన్నా ఇవన్ని’ అని రాశాడు. తర్వాత ఒకాయన, నీళ్ళ ట్యాంకర్ ఎన్ని గంటలకు వస్తుందని అడిగాడు. మూడేళ్ళు నేను భయపడింది దీనికి.

గ్రూపులో రాస్తే తీరేది కాదని అప్పుడు తెలిసింది. మా ఇస్త్రీ అతన్ని అడిగితే, యాదమ్మ వాళ్ళు కాప్రాలో ఉన్నారని చెప్పాడు. చెరువుకు అవతల సగం లేచిన ఒక బిల్డింగు పక్కన రేకుల గది. నేను వెళ్ళేసరికి ఆమె ఇటుకలు మోసి వచ్చి, నడుముకు కట్టిన తువ్వాలు విప్పుతోంది. నన్ను చూసి కంగారుపడి, లోపల్నుంచి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి, కొంగుతో తుడిచి వేసింది. గ్లాసుతో నీళ్ళు ఇచ్చింది.

“పాప ఎట్లున్నది?”

“బట్టల దుక్నంల చేస్తున్నది సార్. పది పరీక్ష రాయనే లేదు, గప్పుడు అన్నీ ఆగమైనయి గదా.”

ల్యాబ్ ఆంటీ పోయారని చెప్పాను. ఆమె గోడ పక్కన కూలబడింది.

“నెలకొకపారి వస్తుండె సార్. బస్సు దిగి గా చెరువుకట్ట మీదికెల్లి నడుసుకుంట. పోయిన నెల రాలే. పానం బాగ లేదేమో అనుకున్న.”

ఆవిడ ఇక్కడికి వచ్చేవారని నాకు తెలియదు. మా ఎవరికీ తెలియదు. “ఏం చెప్పేది వచ్చి?”

“ఒకటే మాట సార్. తప్పు నాది యాదమ్మా, నేను సరిగ్గ చూడకుండ చెప్పినా, అని. పూలమ్మేటామె సంగతి సుత చెప్పింది. చెప్పి పోతుండె.”

“నా గురించి ఏమన్న చెప్పిందా?”

“మీ గురించి ఏం చెప్తది? మీరేం జేసిన్రు సార్. ఆమె ఏం చెప్తె గది రాసిన్రు.”

అప్పుడు చెప్పాను. కుర్చీలోంచి లేచి నిలబడి చెప్పాను, కూర్చుని చెప్పే మాట కాదు కాబట్టి. ఆవిడ కచ్చితంగా యాదమ్మ అనలేదని, అనుమానంగానే చెప్పారని, ఆ మాట కూడా రాయమని అడిగారని, నేను కొట్టేశానని, కొట్టేసి కూడా, రాశానని ఆవిడకు అబద్ధం చెప్పానని. యాదమ్మ వింటున్నంతసేపూ నా మొహంలోకే చూస్తోంది. తిడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండుననుకున్నాను.

“మరి ఆమె గీ ముచ్చట నాకెందుకు చెప్పలే?” అంది.

తెలియదన్నాను. నిజంగానే తెలియదు.

ఆమె నా చేతిలోని గ్లాసు వైపు చూసింది, కుర్చీ వైపు చూసింది. తర్వాత గడప అవతల, ఎండ పడుతున్న మట్టినేల వైపు చూసింది.

“మూడేండ్లు సార్” అంది. “గాడ్నే నిలవెట్టి మాట్లాడిన. ఒక్కనాడు సుత లోపటికి రా అనలే. ఒకపారి ఎండల వచ్చి నీళ్ళడిగితె, లేవన్న.”